నీటికి రంగు లేదు

ఆ రోజు తాను వాగువైపు చూశాడా, చూడలేదా?

పదకొండేళ్ళుగా మాస్టారికి ఈ సందేహం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. చూసి కూడా అలా రాసి ఉంటే అది అబద్ధం. చూడకుండా రాసి ఉంటే దాన్నేమనాలో ఆయనకు తెలియదు. తెల్లవారగానే దేవుడి ముందు కళ్ళు మూసుకు కూర్చుని, నిన్నటి తప్పులు ఒక్కొక్కటీ తలుచుకుని, ఒప్పుకుని లేవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. కోపంలో ఎవరినైనా తూలనాడితే అది చెప్పుకోవచ్చు. ఎవరినైనా చూసి కుళ్ళుకుంటే అదీ చెప్పుకోవచ్చు. దీన్ని మాత్రం ఏ పేరు పెట్టి చెప్పుకోవాలో తెలియక, రోజూ నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగేసేవారు.

ఆ రోజు సంగతులు మిగతావన్నీ గుర్తున్నాయి. బడి వెనక గేటుకున్న తుప్పు గొళ్ళెం. కలప డిపో గోడ మీద పాకుతున్న నత్త, అది ఒక్క ఇటుక దాటడానికి ఎంతసేపు పడుతుందో అంకెలు లెక్కపెడుతూ గోడకు అతుక్కుపోయిన ఇద్దరు పిల్లలు. చెప్పు తెగి ఒంటికాలి మీద గెంతుతూ వచ్చిన ఇంకో పిల్ల. పెద్ద చెట్టు మొదలు చుట్టుకొలత పిల్లల బారలతో మూడున్నర. ఇవన్నీ నిన్న జరిగినట్టే ఉన్నాయి. వాగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్ళముందు ఎవరో తెల్లకాగితం పరిచినట్టు అయిపోతుంది.

ఆయన ఐదో తరగతికి పాఠాలు చెప్పేవారు. మంగళవారం మంగళవారం పొద్దున మొదటి రెండు పీరియడ్లు పిల్లల్ని వెనక గేటు గుండా బయటికి తీసుకెళ్ళి, వాగుదాకా నడిపించి తీసుకొచ్చేవారు. నడక పాఠం అని దానికి ఆయనే పేరు పెట్టారు. కర్ర నీడా చెట్టు నీడా కొలిచి చెట్టు ఎత్తు కడితే అది లెక్కలు. ఆకులు ఏరి ఈనెలు లెక్కపెడితే అది సైన్సు. బడి నుంచి వాగుదాకా దారి గీస్తే అది సోషలు. తిరిగొచ్చాక చూసింది చూసినట్టు ఒక పేజీ రాస్తే అది తెలుగు. "అందంగా ఉంది అని ఎవరైనా రాశారో, వీపు విమానం మోత మోగుతుంది. ఎలా ఉందో రాయండి," అనేవారు. లెక్కలంటే బల్ల కింద దూరే పిల్లలు కూడా చెట్టు నీడ దగ్గర పోటీలుపడి హెచ్చవేతలు చేశారు. ఇదంతా నిజమే. దానిలో అబద్ధం ఏమీ లేదు.

బడి పెద్ద టీచరుగారు ఆ నడకకు ఒప్పుకుంటూ ఒక్కటే షరతు పెట్టారు. "తిప్పుకోండి మాస్టారూ, కాదనను. పరీక్షలో ఒక్క తప్పు వచ్చిందంటే మాత్రం రెండు పీరియడ్లూ వెనక్కి తీసుకుంటా." ఆ రోజు నుంచి మాస్టారు పిల్లల పేజీలు దిద్దేటప్పుడు పక్కన సైన్సు పుస్తకం తెరిచి పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఏదో జాగ్రత్త కోసం.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. దాని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఏం చెప్పినా "అయితే మాస్టారూ..." అని మొదలెట్టేది గనక తరగతంతా దాన్ని "అయితే" అనే పిలిచేవారు. "అయితే మాస్టారూ, నీడ పొద్దున పొడుగ్గా ఉండి మధ్యాహ్నం పొట్టిదైపోతే, చెట్టు మాత్రం అలాగే ఉందని నీడకెలా తెలుసు?" ఇలా ఉండేవి దాని ప్రశ్నలు. తల్లి వాగు పక్క వీధిలో బట్టలు కుట్టేది. బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆమె మిషను కిందనుంచి వచ్చినవే.

ఆ మంగళవారం పేజీలు దిద్దుతుండగా మాస్టారు 'అయితే' పుస్తకం తీశారు. సగం పేజీ దగ్గర ఆయన కలం ఆగింది. 'వాగు నీళ్ళకు రంగు ఉంది. మొన్న నేను పడితే నా మోకాలు కమిలింది, ఆ రంగు.' పక్కన సైన్సు పుస్తకం తెరిచే ఉంది. ఆయన ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి కింద రాశారు: 'నీటికి రంగు, రుచి, వాసన ఉండవు. చూసింది రాయి, ఊహించింది కాదు.'

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. మర్నాడు తరగతిలో ఆ పిల్ల రాసిన రెండు వాక్యాలూ పైకి చదివి, "ఏమ్మా అయితే, వాగు ఎక్కడ జారిపడింది? మందు రాద్దామా?" అన్నారు. తరగతి గొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వింది, అందరూ నవ్వుతున్నారు గదా అని.

నాలుగేళ్ళకు 'అయితే' చచ్చిపోయింది. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. ఆ వీధిలో అప్పటికే ఇద్దరు పోయారు, తరవాత ఇంకో నలుగురు. వాళ్ళందరి ఇళ్ళ బోర్లూ వాగు గట్టునే ఉన్నాయి. వాగు పైన రంగుల ఫ్యాక్టరీ ఉంది. గుడ్డలకు రంగులద్దగా మిగిలిన నీళ్ళను తెల్లవారుజామున వదిలేసేవారనీ, పగలు పదకొండయ్యేసరికి వాగు మళ్ళీ తేటపడేదనీ వీధి వాళ్ళు చెప్పుకునేవారు. చెప్పుకోవడమే గాని చేతిలో కాగితం లేదు. ఆ పిల్ల పోయిన రోజు మాస్టారు ఆ వీధి మొగదాకా వెళ్ళి, ముఖం చెల్లక వెనక్కి వచ్చేశారు.

ఆ వీధి వాళ్ళు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాక, ఇన్నాళ్ళకు పైనుంచి విచారణ వేశారు. తేలాల్సింది ఒక్కటే. ఫ్యాక్టరీ నీళ్ళు వాగులో కలవడం ఎప్పుడు మొదలైంది? కొత్త షెడ్డు కట్టాక, అయిదేళ్ళ నుంచేనంటుంది ఫ్యాక్టరీ. అదే నిజమైతే ఏడేళ్ళ కిందట పోయిన పిల్లతో తమకు సంబంధం లేదని చేతులు దులుపుకోవచ్చు. కాదు, పదకొండేళ్ళ నుంచీ ఉందంటుంది వీధి. ఆ మాటకు ఆధారంగా వాళ్ళ దగ్గరున్నది 'అయితే' నడక పుస్తకం ఒక్కటే. తేదీ వేసి ఉన్న పేజీ. దాని మీద మాస్టారి ఎర్రసిరా.

విచారణకు నాలుగు రోజుల ముందు, పొద్దున పదింటికి ఫ్యాక్టరీ లాయరు మాస్టారి ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, మాస్టారి భార్య ఇచ్చిన టీ తాగి, చక్కెర సరిపోయిందని కూడా చెప్పాడు.

"మిమ్మల్ని మా తరఫున సాక్షిగా పిలుస్తున్నామండీ," అన్నాడు.

"మీ తరఫునా?" అన్నారు మాస్టారు.

"కంగారుపడకండి. మీరు ఒక్క అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు. ఈ ఎర్రసిరా రాత మీదేనా అంటాను. నాదే అంటారు. చదవమంటాను. చదువుతారు. అంతే, ఇంటికి వచ్చేయొచ్చు."

"ఆ తరవాత?"

"ఆ తరవాత మాట్లాడే పని మాది. వాగుకు పిల్లల్ని స్వయంగా తీసుకెళ్ళిన బాధ్యతగల ఉపాధ్యాయుడు నీటికి రంగు లేదని అదే వారం రాసి సంతకం పెట్టాడంటాం. పై వారం మిగతా ముప్ఫై తొమ్మిది మంది పిల్లలూ రంగు లేదనే రాశారంటాం. ఆ పుస్తకాలు మీ బడి బీరువాలో ఉన్నాయట గదా, తెప్పిస్తున్నాం." లాయరు లేస్తూ గోడవైపు చూశాడు. అక్కడ విద్యాశాఖ వాళ్ళు అచ్చువేసిన 'నడక పాఠాలు' పుస్తకం అట్ట ఫ్రేము కట్టి ఉంది. "మా పాప చదివే బడిలో కూడా మీ పద్ధతేనండీ. వారం వారం ఆకులు తెచ్చి ఇల్లంతా నింపేస్తోంది. అది ఈ ముప్ఫై తొమ్మిది పుస్తకాల నుంచి పుట్టిందే కదూ."

అతను వెళ్ళాక మాస్టారి భార్య కప్పులు తీస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకపోతే ఆయనకు ఇల్లు మోయలేని బరువైపోతుంది.

"ఏమిటే, ఏదో ఒకటి అను."

"ఏమంటానండీ. ఇంటికొచ్చి అబద్ధం చెప్పమన్నవాణ్ణయితే చీపురు పుచ్చుకునేదాన్ని. ఈయన నిజమే చెప్పమంటున్నాడు. అదే నాకు భయంగా ఉంది."

"నిజం చెప్తే తప్పేముంది?"

"అది మీరు చెప్పాలి. పొద్దున్నే గంటసేపు కళ్ళు మూసుకు కూర్చునేది మీరు, నేను కాదుగా."

మాస్టారు ఆ మధ్యాహ్నమే బడికి వెళ్ళారు. ఇప్పటి హెడ్మాస్టరు చిన్నవాడు. ఎదురొచ్చి కుర్చీ వేసి, "మీ పుస్తకం వచ్చాక ముప్ఫై బళ్ళలో నడక పాఠం పెట్టారండీ, మన బడి పేరు చెప్పుకుంటున్నారు," అని సంబరపడుతూ బీరువా తాళం ఇచ్చాడు.

పుస్తకాలు పురికొసతో కట్టలు కట్టి ఉన్నాయి. అట్టల మీద పిల్లలు అతికించిన ఆకులు ముట్టుకుంటే పొడైపోతున్నాయి. మాస్టారు ఆ మంగళవారం పేజీలు ముందు చూశారు. ఒకడు 'నీళ్ళలో సబ్బు నురగ లాంటిది ఉంది' అని రాశాడు. ఒకతె 'గట్టు దగ్గర ముక్కు మూసుకున్నాం' అంది. ఇంకొకడు చేప బొమ్మ వేశాడు, తలకిందులుగా. వీటి వేటి మీదా ఎర్రగీత లేదు. చిన్నగా టిక్కు మాత్రం ఉంది. ఇంతమంది చెప్పారు. తను టిక్కు పెట్టాడు.

తరవాత పై మంగళవారం పేజీలు తెరిచారు. మొదటి పుస్తకం: 'నీటికి రంగు, రుచి, వాసన ఉండవు.' రెండోది: 'నీటికి రంగు, రుచి, వాసన ఉండవు.' పదోది చూశారు, ఇరవయ్యోది చూశారు. అదే వాక్యం, అవే కామాలు. నురగ పోయింది. ముక్కు మూసుకోవడం పోయింది. తలకిందుల చేప పోయింది. ఒక్కో వాక్యం కిందా ఆయన చేతిరాతే: 'బాగుంది.' 'చాలా బాగుంది.' 'ఇలాగే రాయి.'

విద్యాశాఖ వాళ్ళు అచ్చు వేసింది ఈ రెండో వారం నుంచి రాసిన పేజీలనే. తప్పుల్లేకుండా ఉన్నాయని మాస్టారే ఏరి ఇచ్చారు.

బీరువా తలుపు పట్టుకుని ఆయన నిలబడిపోయారు. దేవుడు మనిషికి కళ్ళిచ్చింది చూడమనే గదా, మరి నలభైమంది పిల్లల కళ్ళు ఒక్క వారంలో మూయించడానికి తనకు అధికారం ఎవరిచ్చారు, అనుకున్నారు. అలా అనుకున్నా ఆ పాత సందేహం మాత్రం తీరలేదు. ఆ రోజు తను చూశాడా? చూశాననో చూడలేదనో ప్రమాణం చేసి చెప్పాల్సి వస్తే ఏం చెప్పాలి? గుర్తులేదని అనొచ్చు. అది నిజం కూడా. ఆ ఒక్క మాటతో ఎవరికీ చెడ్డ కాకుండా బయటపడొచ్చు.

విచారణ బుధవారం వచ్చింది. పాత ఆఫీసు భవనం రెండో అంతస్తులో సన్నటి వరండా, గోడ పొడుగునా బల్ల. మాస్టారు వెళ్ళేసరికి ఆ బల్ల మీద ఒక్క మనిషే ఉంది. మెడలో కొలతల టేపు వేలాడుతూ ఉంటే, మిషను మీదనుంచి లేచి అలాగే వచ్చేసిందని తెలుస్తోంది. 'అయితే' తల్లి.

ఆయన బల్ల రెండో చివర కూర్చున్నారు. మధ్యలో ముగ్గురు పట్టే చోటు ఖాళీగా ఉండిపోయింది.

"దగ్గరికే కూర్చోండి మాస్టారూ, కరవను," అందామె.

ఆయన జరిగి కూర్చున్నారు. "అమ్మా..." అని మొదలెట్టారు.

"మీరు లోపలేం చెప్తారో నాకు తెలీదు. ఇలా చెప్పండని నేనడగను కూడా. ఒక మాట మాత్రం నా దగ్గర ఉండిపోయింది, చెప్పేస్తాను." ఆమె టేపును వేలికి చుడుతూ, విప్పుతూ మాట్లాడింది. "ఆ రోజు పుస్తకం తెచ్చి చూపించింది. నేను చదువుకోలేదు. ఎర్రసిరా అంటే ఏమిటో మాత్రం తెలుసు. పక్కింటామెతో చదివించుకుని, రెండు చెంపలూ వాయించాను. అబద్ధాలు రాస్తావా, మాస్టారి ముందు నా తల తీసేస్తావా అని. ఆ వాగులో రోజూ గుడ్డలు జాడించేది నేనే మాస్టారూ. నాకు కనపడలేదా ఆ రంగు? కనపడింది. అయినా కొట్టాను. చదువుకున్నాయన లేదన్నాక లేదేమో, నా కళ్ళదే తప్పేమో అనుకున్నాను."

ఆమె టేపు చుట్టడం ఆపింది.

"మీ మీద దానికి కోపమేం లేదు. ఇంట్లో మీ వేషం వేసేది. మీరు పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు ముందు నడుస్తూ, వాళ్ళ వైపు తిరిగి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ తలలు లెక్కపెట్టేవారట గదా. ఒకటి, రెండు, మూడు అంటూ అది గదిలో వెనక్కి నడుచుకుంటూ వచ్చి నా మిషనుకు గుద్దుకునేది. వెనకడుగు మాస్టారని మీకు పేరు పెట్టుకున్నారట. మీకు తెలీదా?"

"తెలీదు," అన్నారు మాస్టారు.

ఆయనకు ఆ నడక గుర్తొచ్చింది. మడమలకు ముందు తెలిసింది, తరవాతే బుద్ధికి. అవును, వెనక్కే నడిచేవాడు. ఒక్క పిల్ల తప్పినా తన ప్రాణం పోతుందన్న భయంతో గేటు దగ్గర మొదలుపెట్టి వాగుదాకా, వాగు దగ్గర ఉన్నంతసేపూ, నలభై ముఖాలనే చూస్తూ నిలబడేవాడు. వీపు నీళ్ళవైపు. నత్త, మూడున్నర బారలు లాంటివేవీ తను కళ్ళతో చూసి దాచుకున్నవి కావు. పుస్తకాలు దిద్దుతూ పిల్లల రాతల్లో చదువుకున్నవి. ఎన్ని మంగళవారాలు వెళ్ళినా ఆ వాగును తను ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇంకొకటి కూడా ఉంది," అంది ఆమె. "శుక్రవారం శుక్రవారం నంబరు ప్రకారం ఒకళ్ళ పేజీ మీరే నిలబడి చదివి వినిపించేవారట. దాని నంబరు పంతొమ్మిది. పద్దెనిమిది అయ్యాక మీరు ఇరవైకి వెళ్ళిపోయారట. అడిగితే, పై వారం చూద్దాంలే అన్నారట. ఆస్పత్రి మంచం మీద కూడా ఓసారి అంది, అమ్మా నా వంతు దాటేశారే అని. అంత జ్వరంలో దానికి అదెందుకు గుర్తొచ్చిందో."

అంతలో బంట్రోతు తలుపు తీసి మాస్టారిని పిలిచాడు.

లోపల పొడుగాటి బల్ల, ఇనప కుర్చీలు, ఒకవైపు కదలని ఫ్యాను. విచారణాధికారి దగ్గుతూ మధ్యలో కూర్చుని ఉన్నాడు. పక్కన గుమాస్తా టైపు చేస్తున్నాడు. వీధి వాళ్ళు అయిదారుగురు వెనక కుర్చీల్లో ఉన్నారు. 'అయితే' తల్లి వచ్చి వాళ్ళ వెనక నిలబడింది. మాస్టారు దేవుడి మీద ప్రమాణం చేశారు. ఎన్నోసార్లు తలుచుకున్న పేరే అయినా ఆ రోజు నోట్లోంచి వస్తుంటే కొత్తగా ఉంది.

లాయరు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. "ఈ ఎర్రసిరా రాత మీదేనాండీ?"

"నాదే."

"కింద సంతకం?"

"నాదే."

"ఒక్క పేజీ తిప్పండి. పై వారం ఇదే పాప ఏం రాసిందో, దాని కింద మీరేం రాశారో చూడండి."

మాస్టారు తిప్పారు. 'అయితే' గుండ్రటి అక్షరాలు. 'నీటికి రంగు, రుచి, వాసన ఉండవు.' అంతే, పేజీ మిగతా అంతా ఖాళీ. కింద తన రాత: 'ఇప్పుడు బాగుంది.'

"అంటే ఆ పాప కూడా తన పొరపాటు తెలుసుకుని దిద్దుకుంది. ఆనాటికి వాగు నీటికి రంగు లేదు. అవునా, కాదా?"

మాస్టారు పెదవులు తడుపుకున్నారు.

"నీళ్ళు నమలకుండా చెప్పండి మాస్టారూ," అన్నాడు అధికారి, విసుగ్గా కాదు, అలసటగా.

వెనక ఎవరో చిన్నగా నవ్వి ఆపేసుకున్నారు. వాళ్ళు ఏళ్ళతరబడి నమిలింది ఆ నీళ్ళే గదా.

"నాకు తెలీదండీ. నేను చూడలేదు," అన్నారు మాస్టారు.

లాయరు తల ఎత్తాడు. "గుర్తు లేదంటున్నారా?"

"గుర్తు లేదని కాదు. చూడలేదు. నేను పిల్లల వైపు తిరిగి వెనక్కి నడిచేవాణ్ణి. వాగు నా వీపు వెనక ఉండేది. ఈ ఎర్రసిరా నేను వాగు చూసి రాసింది కాదు, సైన్సు పుస్తకం చూసి రాసింది."

"మరి మిగతా ముప్ఫై తొమ్మిది మంది?"

"వాళ్ళు నన్ను చూసి రాశారు. ముందు వారం పేజీలు కూడా ఆ పుస్తకాల్లోనే ఉన్నాయి, తిప్పి చూడండి. నురగ రాసినవాళ్ళున్నారు, వాసన రాసినవాళ్ళున్నారు. ఈ పాపను తరగతిలో నిలబెట్టి నేను వెక్కిరించాక అందరూ మానేశారు. ఈ పాపా మానేసింది."

లాయరు గొంతులో మర్యాద ఏ మాత్రం తగ్గలేదు. "మాస్టారూ, మీ 'నడక పాఠాలు' ఈ పుస్తకాల మీదే నిలబడి ఉంది. ముప్ఫై బళ్ళు మిమ్మల్ని నమ్మి నడుస్తున్నాయి. పిల్లలు చూడకుండా రాశారని మీరే అంటే, రేపు ఆ బళ్ళేం చెయ్యాలి?"

"ఏం చేస్తాయో నాకు తెలీదు బాబూ. మాన్పించేస్తారేమో. పిల్లలు చూడకుండా రాశారని మాత్రం నేననలేదు. వాళ్ళు చూశారు. చూసింది రాయనివ్వలేదు నేను."

అధికారి చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "రికార్డు కోసం ఆ పేజీ చదవండి."

"ఎర్రసిరా వరకు చదివితే చాలండీ," అన్నాడు లాయరు.

"ఎర్రసిరా అందరికీ తెలిసిందే. మొదటి నుంచి చదువుతాను," అన్నారు మాస్టారు.

అధికారి దగ్గుకుంటూ సరేనన్నట్టు తల ఊపాడు. మాస్టారు లేచి నిలబడ్డారు. కూర్చునే చదవొచ్చని గుమాస్తా అన్నాడు. ఆయన కూర్చోలేదు. పేజీ చివరిదాకా చూపు పోగానే ఆయనకు అర్థమైంది, తాను దీన్ని ఇంతవరకు పూర్తిగా చదవలేదు. రంగు అన్న మాట దగ్గర గీత కొట్టి, కింద రాసి, పక్కన పెట్టేశాడు. ఆ తరవాత సగం పేజీ ఇంకా ఉంది.

"నంబరు పంతొమ్మిది," అన్నారు ముందుగా. అది రికార్డుకు అక్కర్లేని మాట. గుమాస్తా టైపు చెయ్యలేదు. వెనక నిలబడ్డ మనిషి మాత్రం మెడలోని టేపును రెండు చేతులా పట్టుకుంది.

"'మంగళవారం. ఎండగా ఉంది. మేము నలభై మందిమి. గేటు నుంచి వాగుకు నా అడుగులతో ఆరువందల పన్నెండు అడుగులు. వచ్చేటప్పుడు ఆరువందల ముప్ఫై, అలిసిపోయి చిన్న అడుగులు వేశాను. పెద్ద చెట్టు ఆకు తెచ్చాను. దానికి ఒకవైపు తొమ్మిది ఈనెలు, ఇంకోవైపు ఎనిమిది. మాస్టారు రెండువైపులా సమానం అన్నారు, నేను మూడుసార్లు లెక్కపెట్టాను. వాగు నీళ్ళకు రంగు ఉంది. మొన్న నేను పడితే నా మోకాలు కమిలింది, ఆ రంగు.'"

ఎర్రగీత ఇక్కడ ఉంది. ఆయన దాన్ని దాటారు.

"'గట్టు పక్కన ఆ రంగు ఎక్కువ ఉంది, మధ్యలో తక్కువ ఉంది. వేలు పెట్టి చూశాను. వేలికి రంగు అంటుకోలేదు, వాసన అంటుకుంది. ఇంటికి వెళ్ళాక కూడా పోలేదు. రెండు చేపలు కడుపు పైకి పెట్టి తేలుతున్నాయి. అవి నిద్రపోవడం లేదు. అయితే నీళ్ళకు దెబ్బ ఎక్కడ తగిలింది. పైకి నడిచి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. నేను అడిగితే మాస్టారు తీసుకెళ్తారు.'"

పేజీ అయిపోయింది. లాయరు తన కాగితాల మీద ఏదో రాసుకుంటున్నాడు. దీన్ని ఆధారంగా తీసుకోవాలా వద్దా అన్నది తరవాత తేలుస్తామని అధికారి అన్నాడు. ఆ పుస్తకం ఇక విచారణ ఫైలులోనే ఉంటుందని, సాక్షి దాని మీద కొత్తగా ఏమీ రాయకూడదని కూడా అన్నాడు, మాస్టారి చెయ్యి జేబులోని కలం వైపు వెళ్ళడం చూసి. మాస్టారు చెయ్యి దించేశారు.

గుమాస్తా టైపు ఆపి తలెత్తాడు. "కమి... ఏమన్నారండీ? ఏ రంగు?"

"కమిలిన రంగు," అన్నారు మాస్టారు. అతనికి అందేలా నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి మళ్ళీ చెప్పారు. గుమాస్తా టైపు కొట్టాడు. తరవాత ఆయన అక్కడి నుంచి చివరిదాకా మరోసారి చదివారు.